అల్మరా చీటీ, కంజీరా తడి

ప్రశ్న: జానపదం, ఇండీ (పెద్ద కంపెనీల అండ లేని స్వతంత్ర సంగీతం), జాజ్ కొత్త ఆల్బమ్‌లను చాలామంది ‘వరల్డ్ మ్యూజిక్’ పేరుతో కలిపే సమీక్షిస్తున్నారు. అసలు అదొక సంగీత రీతేనా? - ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదండీ, అది దుకాణంలో అల్మరాకు అతికించిన చీటీ. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా రికార్డులను ఏ వరుసలో పెట్టాలో అంగళ్లవారికి తోచకపోవడంతో, 1987లో లండన్‌లోని ఒక పబ్బులో కొన్ని చిన్న రికార్డు కంపెనీలవారు, మరికొందరు సంగీతాభిమానులు కూర్చుని ఆ పేరును ఖాయం చేశారు. గ్రామీ సంగీత పురస్కారాలవారు 2020లో తమ విభాగం పేరులోని ఆ మాటను ‘గ్లోబల్ మ్యూజిక్’గా మార్చారు. చీటీ మారింది, అల్మరా అదే.

శక్తి బృందం 2023లో వెలువరించిన ‘దిస్ మొమెంట్’ 2024లో ఆ విభాగంలోనే గ్రామీ అందుకుంది. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారును బట్టి దాన్ని జాజ్ అందామంటే, శంకర్ మహదేవన్ గాత్రమూ గణేశ్ రాజగోపాలన్ వయొలినూ కర్ణాటక సంగీతం వైపు లాగుతాయి. జాకిర్ హుసేన్ తబలా హిందుస్తానీది. నేను మాత్రం సెల్వగణేశ్ కంజీరా దగ్గరే ఆగిపోయాను. చిన్న పళ్లెమంత వాద్యం అది. తోలును లోపలివైపు నీళ్లతో కాస్త తడిపి, పట్టుకున్న చేతి వేళ్లతో అంచు దగ్గర నొక్కుతూ వాయిస్తే, నాదం కిందికి జారి మూలుగుతుంది. ఆ మూలుగు తబలా జంటలో మంద్రంగా మోగే బాయాకు బదులు చెబుతోందా, లేక దానిలో కలిసిపోయి వినబడకుండా పోతోందా అన్నది చెవి పెట్టి విని రాయడమే సమీక్ష. ‘రెండు సంస్కృతుల సంగమం’ అని రాసేయడానికి ఆల్బమ్ వినవలసిన పనే లేదు. (నేనూ ఒకప్పుడు అలా రాసినవాణ్నే.)