అన్నయ్యని చూస్తే సాఫ్ట్‌వేర్ అంటే భయమేస్తోంది, వెళ్ళనా వద్దా?

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ ఫైనల్ ఇయర్, సీఎస్ఈ. కోడింగ్ అంటే ఇష్టమే. కానీ మా అన్నయ్య డెవలపర్, ఇంట్లోనే కూర్చుని పని చేస్తాడు, అయినా మాతో ఉన్నట్టే ఉండడు. ఏదైనా చెప్తే ఊ కొడతాడు, తర్వాత అడిగితే గుర్తుండదు. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి లాప్‌టాప్ తీస్తాడు. పైగా ఇప్పుడు కోడ్ అంతా ఏఐనే రాసేస్తోంది అంటున్నారు. ఈ ఫీల్డ్‌కి వెళ్ళమంటారా, వేరేది చూసుకోమంటారా?

జవాబు:

వెళ్ళమ్మా. కోడింగ్ ఇష్టం అని నువ్వే రాశావు, ఆ ఇష్టాన్ని పక్కన పెట్టి ఎవరో ఏదో అన్నారని ఇంకో దారి వెతుక్కోమని నేను చెప్పలేను. అయితే అన్నయ్యలో నువ్వు చూసింది కూడా నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ప్యాకేజీ ఎంత, ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి అని అడుగుతారు గానీ ఆ పని చేసే మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో చూసి అడిగేవాళ్ళు చాలా తక్కువ. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను చాలా ఏళ్ళు డెవలపర్‌గానే చేశాను, కాబట్టి నాకు తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ముందు మీ అన్నయ్య సంగతి. బయటి నుంచి చూస్తే గంటలు ఎక్కువైపోయి అలా ఉంటున్నాడు అనిపిస్తుంది. గంటలు ఎక్కువే అయ్యుండొచ్చు, కానీ అంతకంటే పెద్ద ఇబ్బంది ఏంటంటే ఈ ఉద్యోగంలో తేలని ప్రాబ్లమ్ మనిషితో పాటే లేచి వచ్చేస్తుంది. ఒక పేమెంట్ సిస్టమ్ అనుకో. వేలమందికి సరిగ్గానే పనిచేస్తుంది, ఎప్పుడో ఒకసారి మాత్రం ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు డబ్బులు కట్ అవుతాయి. తన మెషీన్‌లో ఎన్నిసార్లు ట్రై చేసినా రాదు, ప్రొడక్షన్‌లోనే, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లోనే వస్తుంది. సిస్టమ్ ఎప్పుడేం చేసిందో రాసి ఉండే లాగ్స్ అన్నీ తిరగేశాడు, నెట్‌వర్క్ టైమవుట్ అయినప్పుడు రిక్వెస్ట్ మళ్ళీ వెళ్తోందేమో అని ఒక అనుమానం, రెండు సర్వర్లు ఒకే రికార్డుని ఒకేసారి తీసుకుంటున్నాయేమో అని ఇంకో అనుమానం, ఈలోపు రాత్రయింది, అమ్మ భోజనానికి పిలిచింది, లాప్‌టాప్ మూసేసి వచ్చాడు. ఆ రెండు అనుమానాలు మాత్రం మూతపడలేదు. నువ్వు కాలేజీ సంగతి చెప్తుంటే ఊ కొడుతూనే, రీట్రై అయినప్పుడు పాత ట్రాన్సాక్షన్ ఐడీనే పంపిస్తున్నామా కొత్తది పంపిస్తున్నామా అని లోపల లెక్కలు వేసుకుంటుంటాడు. నీ మీద ప్రేమ లేక అలా ఉంటున్నాడని మాత్రం ఎప్పుడూ అనుకోకు.

దీని గురించి సైకాలజీలో ఎప్పటి నుంచో చెప్తున్నారు. బ్లూమా జైగార్నిక్ 1927లో, పూర్తి చేసిన పనులకంటే మధ్యలో ఆపేయాల్సి వచ్చిన పనులే మనుషులకి ఎక్కువ గుర్తుంటున్నాయని రాసింది. తర్వాత వేరేవాళ్ళు చేసిన ప్రయోగాల్లో అన్నిసార్లూ అదే ఫలితం రాలేదనుకో. కానీ 2009లో సోఫీ లెరాయ్ అనే ఆవిడ, ఒక పని తేలకుండా వదిలేసి ఇంకో పనిలోకి వెళ్తే మన ధ్యాసలో కొంత ఆ పాత పని దగ్గరే ఉండిపోతుందని, దానివల్ల కొత్త పని సరిగ్గా సాగదని చూపించింది, దానికి అటెన్షన్ రెసిడ్యూ అని పేరు పెట్టింది. డెవలపర్‌కి ఆ కొత్త పని అంటే చాలాసార్లు ఇల్లే, అమ్మానాన్నతో మాట్లాడటమే, చెల్లెలి కాలేజీ సంగతి వినడమే.

నేను నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఏంటంటే, తేలని పనిని తేలకుండానే దించి పక్కన పెట్టడం నేర్చుకోవాల్సిన విద్య. అది స్వభావం అనుకుంటారు అందరూ, కొంతమందికి పట్టదు కొంతమందికి పట్టేస్తుంది అంటారు, నేను చూసినంతలో అలా లేదు. డేటాబేస్ నేర్చుకున్నట్టే అదీ నేర్చుకోవచ్చు, కాకపోతే సిలబస్‌లో ఉండదు, జాయిన్ అయిన కంపెనీలో కూడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. పని ఆపే ముందు ఒక పదినిమిషాలు మిగుల్చుకుని ఎక్కడ ఆగాను, ఏ అనుమానం చెక్ చేశాను, ఏది ఇంకా చెక్ చేయలేదు, రేపు పొద్దున ముందుగా ఏ ఫైల్ తెరవాలి, ఇవన్నీ రాసి పెట్టుకోవాలి. కొంతమంది ఫెయిల్ అయ్యే టెస్ట్ ఒకటి రాసి వదిలేస్తారు, మర్నాడు దాన్ని రన్ చేస్తే ఎక్కడ మొదలెట్టాలో అదే చెప్తుంది. చూడటానికి చాలా చిన్న విషయంలా ఉంటుంది, కానీ మర్చిపోతానేమో అన్న భయం ఉన్నంతసేపూ తల దాన్ని పట్టుకునే ఉంటుంది, కాగితం మీదికో ఫైల్‌లోకో వెళ్ళాక ఆ పట్టు సడలుతుంది. ప్రాజెక్ట్ వర్క్ ఎలాగూ చేస్తావు కదా, దాని దగ్గరే ఇది అలవాటు చేసుకో.

నోటిఫికేషన్ల సంగతి కూడా ఇంతే. ప్రోగ్రామింగ్‌లో పెద్ద పేరున్న డోనాల్డ్ నూత్ 1990 జనవరి 1 నుంచి ఈమెయిల్ వాడటమే మానేశాడు, తను చేసే పనికి గంటలకొద్దీ కదలని ధ్యాస కావాలని చెప్పాడు. కొత్తగా చేరిన ఫ్రెషర్ అలా చేస్తానంటే ఏ మేనేజరూ ఒప్పుకోడు, నిజమే, కానీ ఆఫీస్ చాట్ పర్సనల్ ఫోన్‌లో పెట్టుకోకుండా ఉండటం, గంటకోసారి మాత్రమే మెసేజ్‌లు చూడటం లాంటివి ఎవరి చేతుల్లో అయినా ఉంటాయి, అదీ మొదటి నెల నుంచే చేస్తే. ఏడాది పాటు రాత్రి పదింటికి కూడా నిమిషంలో రిప్లై ఇచ్చి తర్వాత మానేస్తే అందరికీ తేడా తెలుస్తుంది, ఏమైంది అని అడుగుతారు. మొదటి నుంచీ పొద్దునే రిప్లై ఇచ్చే మనిషిని ఎవరూ ఏమీ అడగరు.

ఇక టైమ్ ఎక్కడ పోతుందో చెప్తాను, ఇది జూనియర్లకి బాగా తగులుతుంది. స్టాండప్‌లో, అంటే టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్‌లో, ఇది ఎప్పటికి అవుతుంది అని అడుగుతారు, కొత్తగా చేరినవాళ్ళు మంచిపేరు రావాలని రేపటికి అయిపోతుంది అనేస్తారు. కోడ్ రాయడానికి ఒక రోజే పట్టొచ్చు, కానీ పాత కోడ్ అర్థం చేసుకోవడం, టెస్ట్ చేయడం, రివ్యూలో వచ్చిన కామెంట్లు సరిచేయడం, వేరే టీమ్ నుంచి పర్మిషన్ రావడం, ఇవేవీ ఆ రేపట్లో ఉండవు. అనేసిన మాట నిలబెట్టుకోవడానికి రాత్రులు కూర్చుంటారు, ఇంట్లోవాళ్ళకి ఇవ్వాల్సిన టైమ్ అలా కరిగిపోతుంది, మేనేజర్‌కి అది కనపడదు కూడా. అందుకని రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, ఈ భాగం నాకింకా తెలియదు, రేపు సాయంత్రానికి చూసి కరెక్ట్‌గా చెప్తాను అనడం నేర్చుకో. ఇరుక్కుపోతే డెడ్‌లైన్ రోజు దాకా ఆగకుండా ఇరుక్కున్న రోజే చెప్పు. లేటైన ప్రాజెక్ట్‌కి ఇంకా మనుషుల్ని కలిపితే అది ఇంకా లేటవుతుందని ఐబీఎమ్‌లో పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ కట్టించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, అంటే చివరి నిమిషంలో చెప్తే సాయం చేద్దామనుకున్నవాళ్ళు కూడా పెద్దగా చేయలేరు. సాఫ్ట్‌వేర్ పని ఎలా జరగాలో 2001లో పదిహేడుమంది కలిసి రాసిన అజైల్ మేనిఫెస్టో సూత్రాల్లో కూడా ఎన్నాళ్ళైనా కొనసాగించగలిగే వేగంతోనే పని చేయాలి అని ఉంది. అజైల్ పేరుతో స్ప్రింట్లూ (పనిని కొన్ని వారాల ముక్కలుగా చేసుకోవడం) స్టాండప్‌లూ దాదాపు అన్ని కంపెనీలూ పెట్టుకున్నాయి, ఈ సూత్రం మాత్రం చాలాచోట్ల కనపడదు, నాకు దీని మీద కోపం ఉంది.

అర్ధరాత్రి ఫోన్ మోగడం అన్నావు, అది ఆన్‌కాల్, అంటే సిస్టమ్ పాడైతే ఏ వేళైనా లేచి చూడాల్సిన వంతు. అన్ని టీముల్లో ఉండదు, ఉన్నచోట కూడా ఒకేలా ఉండదు. ఇంటర్వ్యూ చివర్లో ఏమైనా అడుగుతావా అంటారు కదా, అప్పుడు మొహమాటపడకుండా అడుగు: ఆన్‌కాల్ ఉందా, ఎంతమంది వంతులు వేసుకుంటారు, వారంలో నిజంగా ఎన్ని రాత్రులు మోగుతుంది, మోగిన మర్నాడు లేటుగా రావచ్చా, ఒకే అలర్ట్ మళ్ళీ మళ్ళీ వస్తుంటే దాని మూలం సరిచేయడానికి టైమ్ ఇస్తారా. ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. గూగుల్‌లో సైట్ రిలయబిలిటీ ఇంజనీర్లకి, అంటే సిస్టమ్‌లు ఆగిపోకుండా చూసుకునేవాళ్ళకి, ఇలాంటి ఆపరేషన్స్ పని సగం టైమ్ మించకూడదని, మిగతా సగం ఆ బాధ తగ్గించే ఇంజనీరింగ్ పనికే అని ఒక లెక్క పెట్టుకున్నారు. ఫ్రాన్స్‌లో అయితే 2017 నుంచి పని గంటలు అయ్యాక ఫోన్లకీ మెయిళ్ళకీ దూరంగా ఉండే హక్కు చట్టంలోకే వచ్చింది, ఆస్ట్రేలియాలో 2024లో వచ్చింది. అంటే రాత్రి మోగే ఫోన్ ఈ వృత్తికి రాసిపెట్టి ఉన్నదేం కాదు, ఎవరో ఒకరు అలా నడవనిస్తే నడుస్తుంది.

ఏఐ గురించి. భయపడకు అని చెప్పి దాటేయను, ఎందుకంటే నిజంగానే మార్పు ఉంది. 2021లో కోడ్ రాసిపెట్టే కోపైలట్, 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక, ఫ్రెషర్లకి ఇచ్చే చిన్న చిన్న పనులు కొన్ని టూల్సే చేసేస్తున్నాయి. ఇలాంటి మాట ఇంతకుముందు కూడా వినిపించింది, 1952లో గ్రేస్ హాపర్ మొదటి కంపైలర్ (మనిషి రాసినదాన్ని మెషీన్ నడిపే ప్రోగ్రామ్‌గా మార్చేది) చేసినప్పుడు కంప్యూటర్ తన ప్రోగ్రామ్ తనే తయారు చేసుకోవడం ఏంటి అని నమ్మనివాళ్ళే ఎక్కువ, 1959లో మామూలు ఇంగ్లీష్ లాంటి మాటలతో రాసే కోబాల్ మొదలైనప్పుడు ఇంక ప్రోగ్రామర్లతో పెద్దగా పని ఉండదు అనుకున్నవాళ్ళున్నారు. ఆ కోబాల్ ప్రోగ్రాములే ఇప్పటికీ బ్యాంకుల్లో నడుస్తున్నాయి, వాటిని చదివి అర్థం చేసుకోగలిగినవాళ్ళు దొరకడమే కష్టంగా ఉంది. ఈసారీ అచ్చం అలాగే అవుతుందని నేను మాటివ్వలేను. కానీ ఈ ఉద్యోగంలో టైప్ చేయడం ఎప్పుడూ చిన్న భాగమే, ఎక్కువ భాగం వేరేవాళ్ళ కోడ్ చదవడం, వాళ్ళు ఎందుకలా రాశారో పట్టుకోవడం, ఇప్పుడు ఆ వేరేవాళ్ళలో మెషీన్ కూడా చేరింది. మూడొందల లైన్లు అది నిమిషంలో రాసిస్తుంది, కింద పేరు మాత్రం నీది ఉంటుంది, రాత్రి పగిలితే నీకే ఫోన్ వస్తుంది. అందుకే టూల్ వాడు, కానీ అర్థం కాని లైన్ ఒక్కటి కూడా నీ పేరు మీద పంపకు. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్క్స్, డేటాబేస్, ఈ నాలుగూ పరీక్ష కోసం కాకుండా కూర్చుని చదువు. ఇందాక చెప్పిన పేమెంట్ బగ్ లాంటిది ఈ నాలుగూ తెలిస్తేనే దొరుకుతుంది.

నీకు నిజంగా ఈ పని సరిపోతుందా లేదా తేల్చుకోవడానికి ఒకటి చెయ్యి. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో నువ్వు రోజూ వాడే ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచినది, తీసుకుని, అందులో ఒక చిన్న బగ్ పట్టుకుని, ఏఐని అడగకుండా నీ అంతట నువ్వు కోడ్ చదువుతూ అది ఎక్కడుందో వెతుకు. ఫిక్స్ చేయలేకపోయినా పర్లేదు. ఒక వారం అలా తెలియనితనంలో కూర్చున్నాక చిరాకు ఎక్కువుందా, పట్టుకోవాలన్న పంతం ఎక్కువుందా చూసుకో. పంతం ఎక్కువుంటే ఇది నీ పనే. చిరాకే ఎక్కువుంటే నీలో లోపం ఉన్నట్టు కాదు, అదే డిగ్రీతో టెస్టింగ్, డేటా అనాలిసిస్, టెక్నికల్ రైటింగ్, ప్రొడక్ట్ వైపు వెళ్ళే దారులున్నాయి, వాటి గురించి విడిగా మాట్లాడుకుందాం. రోజూ గిట్‌హబ్‌లో పచ్చ గడి (కోడ్ పెట్టిన రోజుకి పడే గుర్తు) పడాలని వీకెండ్లు కూడా కోడ్ రాయాల్సిన అవసరం మాత్రం లేదు, అలా రాయకపోతే వెనకబడతావని ఎవరైనా చెప్తే పట్టించుకోకు. కళ్ళకి మాత్రం ఇప్పటి నుంచే ఒక అలవాటు చేయించు, ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్తారు.

మళ్ళీ మీ అన్నయ్య దగ్గరికి వస్తే, ఎప్పుడూ ఆ లాప్‌టాపేనా అని అడగొద్దమ్మా, ఆ మాట ఆయన ఇప్పటికే చాలాసార్లు వినుంటాడు. ఇవాళ ఎక్కడ ఆగింది అన్నయ్యా, నాకు అర్థమయ్యేలా చెప్పు అని అడుగు. నువ్వూ సీఎస్ఈనే కదా, సగం అర్థమవుతుంది, అర్థం కాని సగం అడుగు. పైకి చెప్తున్నప్పుడు మధ్యలో ఆగి ఆ, దొరికింది అనడం డెవలపర్లందరికీ అనుభవమే, ఎదుటివాళ్ళు ఒక్క సలహా ఇవ్వకపోయినా జరుగుతుంది. దొరక్కపోయినా తలలో ఉన్నది కాసేపు బయటికి వస్తుంది, ఆ తర్వాత నీ కాలేజీ సంగతి చెప్పి చూడు. నీకేమో ఏ క్లాసులోనూ దొరకని పాఠం ఇంట్లోనే దొరుకుతుంది, అసలు బగ్ ఎలా ఉంటుంది, టీమ్ ఎలా ఉంటుంది, ఆయన ఆన్‌కాల్ వంతు ఎన్నాళ్ళకోసారి వస్తుంది, అన్నీ తెలుస్తాయి. ఒకవేళ ప్రతి వారం ఆయనే ఆన్‌కాల్‌లో ఉంటున్నాడని తేలితే, పైన చెప్పిన ప్రశ్నలు తన మేనేజర్‌ని అడగమని ఆయనకి కూడా చెప్పు. నీకు ఆఫర్ లెటర్ వచ్చాక సంతకం పెట్టే ముందు అందులో పని వేళల గురించి, షిఫ్టుల గురించి, బాండ్ గురించి ఏం రాసుందో చదివి నాకు రాయి, కలిసి చూద్దాం.