మొదటిసారి బ్యాండ్‌తో వేదిక ఎక్కేవారికి: స్టేజ్ ప్రెజెన్స్ ఎలా వస్తుంది?

మూడు వారాల్లో కాలేజీ ఫెస్ట్‌లో మీ నలుగురి బ్యాండ్ నాలుగు పాటలతో మొదటిసారి వేదిక ఎక్కబోతోందని, మీరు గిటార్ వాయిస్తూ పాడతారని, గదిలో అంతా బాగానే ఉన్నా పదిమంది స్నేహితుల ముందు వాయించినప్పుడే చేతులు వణికాయని రాశారు. స్టేజ్ ప్రెజెన్స్ అనేది పుట్టుకతో రావాల్సిందా, నేర్చుకుంటే వచ్చేదా అని అడిగారు. నేర్చుకుంటే వచ్చేదే. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మొదలుపెట్టి తొమ్మిదేళ్లపాటు నేను ఒక రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయిస్తూ పాడాను. మా మొదటి ప్రదర్శన ఎలా చెడిందో, ఆ తరువాతవి ఎలా బాగుపడ్డాయో చూసిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

ఆ మొదటి ప్రదర్శన నగర శివార్లలోని ఒక కాలేజీ మైదానంలో జరిగింది. సాయంత్రం ఆరింటికి అన్న కార్యక్రమం ఏడున్నరకు మొదలైంది, మాకిస్తామన్న నలభై నిమిషాలు ఇరవై ఐదుకు తగ్గాయి, సౌండ్ చెక్, అంటే ముందుగా మైకులూ వాయిద్యాల శబ్దమూ సరిచూసుకోవడం, జరగనే లేదు. మొదటి పాట ఎలాగో గట్టెక్కింది. రెండో పాట మధ్యలో నా గిటార్ రెండో తీగ తెగింది. నేను వెంటనే జనానికి వీపు తిప్పి, ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) పక్కన మోకాళ్ల మీద కూర్చుని, బ్యాగ్‌లో కొత్త తీగ కోసం వెతకడం మొదలుపెట్టాను. బాస్ గిటార్ వాయించే బాసిస్టు తన బూట్ల వైపు చూస్తూ నిలబడిపోయాడు. రెండో గిటారిస్టు ఏం చేయాలో తోచక అప్పటికే సరిగ్గా ఉన్న శ్రుతిని మళ్లీ మళ్లీ సరిచూసుకున్నాడు. డ్రమ్మర్ ఒకటి రెండుసార్లు హై-హ్యాట్ అనే జంట తాళాల మీద కొట్టి ఊరుకున్నాడు. తీగ ఎక్కించి, శ్రుతి చేసి నేను లేచేసరికి నాలుగు నిమిషాలు గడిచాయి. ముందు వరుసల్లో ఉన్నవారిలో సగం మంది అప్పటికే మైదానం చివరనున్న తినుబండారాల బండ్ల వైపు నడుస్తూ కనిపించారు.

ఒక స్నేహితుడు అదంతా ఫోన్‌లో తీశాడు. వారం తరువాత ధైర్యం చేసి ఆ వీడియో చూశాను. ఏ తప్పుల గురించి వారమంతా నిద్ర పట్టక బాధపడ్డానో ఆ తప్పులు అందులో నాకే సరిగ్గా వినపడలేదు. ఒక కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) తప్పు పట్టాను, ఒక చరణంలో మాట మరిచిపోయాను, అవి డ్రమ్స్ మోతలో కలిసిపోయాయి. కానీ పాట ఆగిన మరుక్షణం మేం నలుగురం వేదిక మీద ఉండీ లేనివాళ్లమైపోవడం మాత్రం ఎవరు చూసినా తెలిసిపోతుంది. పాట నడుస్తున్నంతసేపూ నా కళ్లు గిటార్ మెట్ల మీదే ఉన్నాయి, పాట ఆగాక నేలమీద ఉన్నాయి. ఇరవై ఐదు నిమిషాల్లో నేను జనం వైపు చూసిన క్షణాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. స్టేజ్ ప్రెజెన్స్ అంటే గెంతడమో, జుట్టు విదిలించడమో కాదని, వాయించనప్పుడు కూడా మనం ఎదుటివారితో ఉన్నామని వారికి తెలియడమేనని నేను అప్పటి నుంచి నమ్ముతున్నాను.

అయితే తలెత్తి జనాన్ని చూడాలంటే ముందు చేతులు మీ చూపు అవసరం లేకుండా పనిచేయాలి. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగం హెచ్చుతుంది, వేళ్లతో చేసే సున్నితమైన పనులు ముందుగా దెబ్బతింటాయి. గదిలో తొంభై పాళ్లు వచ్చిన పాట వేదిక మీద అరవై పాళ్లే వస్తుందనుకుని సాధన చేయండి. మీకున్న మూడు వారాల్లో మొదటి పది రోజులు దీనికే ఇవ్వండి. కూర్చుని సాధన చేయడం ఈ రోజే మానేయండి. కూర్చున్నప్పుడు గిటార్ ఎక్కడ ఉంటుందో నిలబడినప్పుడు కూడా దాదాపు అక్కడే ఉండేలా భుజానికి తగిలించే స్ట్రాప్ పొడవు సరిచేసుకుని, ఇక దాన్ని మార్చకండి. రాత్రిపూట గదిలో దీపం ఆర్పేసి నాలుగు పాటలూ మొదటి నుంచి చివరిదాకా వాయించండి. మొదటి రెండు రోజులు చిరాకు పుడుతుంది, నాలుగో రోజుకు చేయి తన దారి తానే వెతుక్కుంటుంది. వేదిక మీద రంగు దీపాలు పడినప్పుడు గిటార్ మెడ పక్కనుండే చిన్న చుక్కలు కనిపించవు కాబట్టి, చీకటి సాధన అక్కడ మీకు అక్షరాలా పనికొస్తుంది. పాడుతూ వాయించడం కష్టంగా ఉన్న చోట పాటను సరళం చేయడానికి వెనుకాడకండి. మూలంలో ఉన్న అలంకారాన్ని రెండో గిటార్‌కు అప్పగించి, మీరు తేలికైన కార్డ్స్ పట్టుకుంటే ఎవరూ తప్పు పట్టరు.

వేగం సంగతి మీ డ్రమ్మర్‌తో తప్పకుండా మాట్లాడండి. ఉద్వేగంలో ఉన్న డ్రమ్మర్ నిమిషానికి 120 దెబ్బల పాటను తనకు తెలియకుండానే 130కి పైగా లాక్కుపోతాడు. అప్పుడు మీకు ఊపిరి అందదు, మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి, ముఖంలో కంగారు కనిపిస్తుంది. జనం ఆ కంగారును మీ బెరుకుగా చూస్తారు. ప్రతి పాటకు ముందు ఆయన తన ఫోన్‌లో, పాట వేగానికి తగ్గట్టు వెలిగి ఆరే మెట్రోనోమ్ దీపాన్ని రెండు క్షణాలు చూసి, అప్పుడు నాలుగు లెక్కపెట్టి మొదలుపెడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఆ పది రోజుల తరువాత జామ్ రూమ్‌లో, అంటే బ్యాండ్ కలిసి సాధన చేసే గదిలో, మీరు నిలబడే తీరు మార్చండి. సాధారణంగా గదిలో అందరూ గుండ్రంగా, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయిస్తారు. వేదిక మీద ఆ వలయం విడిపోయి ఒక వరుస అవుతుంది. ముందు నిలబడే మీకు డ్రమ్మర్ అస్సలు కనిపించడు, ఇన్నాళ్లూ ఆయన కనుసైగతో ఆపిన చోట ఎలా ఆపాలో తెలియక తడబడతారు. ఒక గోడనే జనం అనుకుని, వేదిక మీద ఎలా ఉంటారో అలాగే నిలబడి, ఆ గోడవైపు తిరిగి వాయించండి. ఎక్కడ వెనక్కి తిరిగి డ్రమ్మర్‌ను చూడాలో, ఎక్కడ బాసిస్టు దగ్గరకు వెళ్లాలో అక్కడే నిర్ణయించుకోండి. కదలిక అంటే నేను చెప్పేది ఇంతే. ముగింపుకు ముందు డ్రమ్మర్ వైపు తిరగడం, సోలో (ఒక్కరే ముందుకొచ్చి వాయించే భాగం) వచ్చినప్పుడు మైక్ వదిలి గిటారిస్టు పక్కకు నడవడం వంటి అవసరమైన కదలికలు రెండు మూడు ఉంటే చాలు, అవి చూసేవారికి సహజంగా ఉంటాయి. ఈ సాధనను ఫోన్‌లో తీసి, మొదటిసారి శబ్దం పూర్తిగా తగ్గించి చూడండి. పాట వినపడకపోతే ఎవరు ఉన్నారో, ఎవరు లేరో అప్పుడు తెలుస్తుంది.

మీరు మితభాషి అని రాశారు కాబట్టి ఒక మాట. రాక్ చరిత్రలో అందరూ ఎగిరి దూకినవారు కాదు. ది హూ బ్యాండ్‌లో పీట్ టౌన్షెండ్ చేతిని గాలిమరలా తిప్పుతూ గిటార్ వాయిస్తుంటే, అదే వేదిక మీద బాసిస్టు జాన్ ఎంట్విజిల్ దాదాపు కదలకుండా నిలబడేవాడు. ఆ నిశ్చలతే ఆయన గుర్తు అయింది. ది డోర్స్ గాయకుడు జిమ్ మోరిసన్ 1966లో లాస్ ఏంజెలిస్‌లోని లండన్ ఫాగ్ అనే చిన్న క్లబ్బులో పాడే తొలి రోజుల్లో జనానికి వీపు తిప్పి పాడేవాడు. ఆయన కూడా రాత్రి తరువాత రాత్రి పాడుతూనే మెల్లగా జనం వైపు తిరిగాడు. కాబట్టి మీది కాని హుషారును అరువు తెచ్చుకోవద్దు. కదలకుండా నిలబడే స్వభావం మీదైతే అలాగే నిలబడండి, కానీ తలెత్తి నిలబడండి.

చూపు ఎక్కడ నిలపాలన్నది చాలామంది అడుగుతారు. దీపాలు ముఖం మీద పడితే మొదటి రెండు వరుసలు దాటి మీకు ఏమీ కనిపించదు, అదొక రకంగా మేలే. ఎడమ, మధ్య, కుడి అని దూరంగా మూడు చోట్లు ఎంచుకుని, ఒక్కొక్క పాదం ఒక్కొక్క చోటికి పాడండి. మాట పూర్తయ్యేదాకా చూపు కదపకండి. గబగబా అటూ ఇటూ చూసే కళ్లలో భయం కనిపిస్తుంది, ఒకచోట నిలిచిన చూపు ఎంత దూరంలో ఉన్నవారికైనా తమ వైపే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు పాటల మధ్య ఖాళీల సంగతి. మీరు మిగతాదంతా మరిచిపోయినా దీన్ని మాత్రం పట్టించుకోమని వేడుకుంటున్నాను. మా తాతగారి ఊళ్లో చిన్నప్పుడు బుర్రకథ చూశాను. కథకుడు ఊపిరి తీసుకునే చోట ఇద్దరు వంతలు 'తందాన తాన' అని అందుకుంటారు, గుమ్మెటలు మోగిస్తారు, ఒకరు ప్రశ్న వేస్తారు, మరొకరు నవ్విస్తారు. కథకుడు తంబుర సవరించుకుంటున్నా సరే, కథ ఆగినట్టు ఎవరికీ అనిపించదు. మా ప్రదర్శన పాడైన కొన్ని నెలల తరువాత ఈ సంగతి నాకు తట్టింది. మా నలుగురిలో వంతలు ఎవరూ లేరు. నేను ఆగితే అంతా ఆగింది.

ఆ తరువాత మేం రెండు పనులు చేశాం. మొదటిది, బాసిస్టూ డ్రమ్మరూ కలిసి ఎంతసేపైనా తిప్పి తిప్పి వాయించగల ఎనిమిది మాత్రల ఒక చిన్న వరుసను తయారుచేసుకున్నారు. ఎవరి తీగ తెగినా, ఎవరి కేబుల్ పోయినా, సైగ అవసరం లేకుండా వారు అది అందుకోవాలని ఒప్పందం. రెండోది, ప్రతి ఖాళీలో ఎవరు మాట్లాడాలో, ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాం. ఒక్కో చోట రెండు వాక్యాలు మించకూడదు, ఆ వాక్యాలు పాట గురించే ఉండాలి. ఈ పాట ఎక్కడ రాశాం, ఇందులో ఏం వినాలి, తరువాత ఎవరు సోలో వాయిస్తారు, అంతవరకే. 'హలో, వినపడుతోందా', 'తప్పులుంటే క్షమించండి', 'మాకు ఇదే మొదటిసారి' అనే మూడు మాటలు మాత్రం మా బ్యాండ్‌లో నిషేధించాం. క్షమాపణతో మొదలుపెడితే వినేవాడు తప్పులు వెతకడానికి సిద్ధపడతాడు.

రెండో ప్రదర్శనలో మళ్లీ తీగ తెగింది, ఈసారి రెండో గిటారిస్టుది. బాసిస్టు ఒక అడుగు ముందుకు వేసి ఆ వరుస అందుకున్నాడు, డ్రమ్మర్ కలిశాడు. నేను మైక్ దగ్గర నిలబడి నెత్తి మీద చప్పట్లు మొదలుపెట్టాను, పాట పల్లవిని సగం సగం విడదీసి జనంతో పాడించాను. తీగ ఎక్కించడానికి మూడు నిమిషాలకు పైనే పట్టింది. ప్రదర్శన అయ్యాక ఇద్దరు ముగ్గురు వచ్చి, అన్నింటిలోకి ఆ చప్పట్ల భాగమే బాగుందని చెప్పారు. తీగ తెగిన సంగతి వారికి తెలియనే తెలియదు.

1985 జూలై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలో క్వీన్ బ్యాండ్‌కు ఉన్నది దాదాపు ఇరవై నిమిషాలే. అంటే మీకు రాబోయే సమయం కూడా ఇంచుమించు అంతే. ఆ కొద్ది సమయంలోనూ ఆ బ్యాండ్ గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ వాయిద్యాలన్నీ ఆపించి, మాటలు లేని ఒక ఆలాపనను ముక్కలు ముక్కలుగా విసిరి, స్టేడియం మొత్తం చేత తిరిగి పాడించాడు. దాని వీడియో చూడండి, కానీ ఆయన చేతుల ఊపు చూడకండి. ఒక్కో ముక్క విసిరాక జవాబు కోసం ఆయన ఎంత నిమ్మళంగా ఆగాడో అది చూడండి. ఆ ఇరవై నిమిషాల కోసం ఆ బ్యాండ్ ముందుగా లండన్‌లోని షా థియేటర్‌లో ప్రత్యేకంగా సాధన చేసింది. దాదాపు పదిహేనేళ్లుగా కలిసి వాయిస్తున్నవారే అలా చేశారంటే, మూడు వారాల సాధన మనకు ఎక్కువేమీ కాదు.

సాంకేతిక విషయాలు త్వరగా చెప్పేస్తాను. మైక్‌ను పెదాలకు రెండు వేళ్ల దూరంలో ఉంచండి, దాని జాలీని గుప్పిటతో మూయకండి. మూస్తే వెనుక వైపు శబ్దాన్ని వదిలేసే గుణం పోయి, కింద ఉన్న మానిటర్ (మన శబ్దం మనకు వినిపించే స్పీకర్) శబ్దాన్ని కూడా మైక్ పట్టేసి కీచుమంటుంది. సౌండ్ చెక్ దొరికినా దొరకకపోయినా, సౌండ్ చూసే అన్నతో ముందే పరిచయం చేసుకుని, మానిటర్‌లో మీ గొంతు ఎక్కువ కావాలని చెప్పండి. మీ గొంతు మీకు వినపడకపోతే అరవడం మొదలుపెడతారు, రెండో పాటకే బొంగురుపోతుంది. గిటార్ కేబుల్‌ను స్ట్రాప్ లోపలి నుంచి ఒకసారి తిప్పి పెట్టుకుంటే, ఎవరైనా తొక్కినా ఊడిరాదు. కొత్త తీగలు ప్రదర్శన రోజు కాక రెండు రోజుల ముందు వేసి, బాగా సాగదీసి ఉంచండి. వీలైతే ఎవరినైనా అడిగి ఇంకో గిటార్ శ్రుతి చేసి పక్కన పెట్టుకోండి. ఆ రోజు వేసుకోబోయే బట్టలతో, బూట్లతో కనీసం రెండుసార్లు పూర్తిగా సాధన చేయండి.

ఆ సాయంత్రం వణుకు వస్తుంది. తొమ్మిదేళ్ల తరువాత కూడా నాకు వచ్చేది. దాన్ని ఆపాలని చూడకండి, ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఎనిమిది లెక్కపెడుతూ నెమ్మదిగా నోటితో వదలండి, అయిదారు నిమిషాలు చాలు. రెండు గంటల ముందే తేలికగా తినండి, చల్లని నీళ్లకు బదులు గోరువెచ్చని నీళ్లు తాగండి. మీకు కళ్లు మూసినా వచ్చే పాటను మొదట పెట్టుకోండి, అన్నింటికన్నా బాగా వచ్చేదాన్ని చివర ఉంచండి. కష్టమైన కొత్త పాట మధ్యలో ఉండాలి, అప్పటికి వణుకు తగ్గి చేతులు కుదుటపడతాయి.

చివరి పాట చివరి కార్డ్ మోగాక కొత్తవారందరూ చేసే పని ఒకటుంది. అది మోగుతుండగానే వంగి కేబుల్ ఊడదీయడం మొదలుపెడతారు. మీరు అలా చేయకండి. ఆ శబ్దం పూర్తిగా ఆగేదాకా గిటార్ మీద చేయి ఉంచి జనం వైపే చూస్తూ నిలబడండి, మీ తోటి ముగ్గురి పేర్లు ఒక్కొక్కటిగా, చప్పట్లకు చోటిస్తూ చెప్పండి, మీ పేరు బాసిస్టు చేత చెప్పించండి, నలుగురూ ముందుకు వచ్చి నమస్కరించండి. ఆ తరువాత వెనక్కి వెళ్లి, ముందు ఆంప్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, అప్పుడు కేబుల్ తీయండి.