గోల్ఫ్ వెడ్జ్ వెనక పేరు ఇంట్లోనే కొట్టుకోవచ్చా?

బంతిని కొద్ది దూరానికి పైకి లేపి కొట్టే గోల్ఫ్ క్లబ్ (కర్ర) 56 డిగ్రీల వెడ్జ్‌ని రెండుసార్లు గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) పక్కనే మర్చిపోయానని, అదే మోడల్ మీ గ్రూపులో ఇంకో ఇద్దరి దగ్గర ఉందని, పేరు ఇంట్లోనే కొట్టుకుంటే క్లబ్ పాడవుతుందా అని అడిగారు. నిక్షేపంగా కొట్టుకోవచ్చండి. నా మూడు వెడ్జ్‌లకీ నేనే కొట్టుకున్నాను. వాటికన్నా ముందు ఒకదాన్ని చెడగొట్టాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అది స్టెయిన్‌లెస్ పోత వెడ్జ్. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్న ఇంగ్లీషు అక్షరాల పంచ్ సెట్‌తో (మొనకి అక్షరం ఉండే ఉక్కు కడ్డీలు, సుత్తితో కొడితే అచ్చు పడుతుంది) కొట్టాను. ఆ లోహం గట్టిది, దెబ్బకి పంచ్ ఎగిరింది. సరిగా దిగలేదని మళ్ళీ అక్కడే పెట్టి కొడితే, పక్కనే రెండో నీడ పడింది. ఆ గుర్తు ఇక పోదు. మెత్తటి కార్బన్ స్టీల్‌ని కాల్చి సాగగొట్టి చేసిన (ఫోర్జ్) వెడ్జ్ అయితే అక్షరం చక్కగా దిగుతుంది. డ్రైవర్లు, ఫెయిర్‌వే వుడ్‌ల లాంటి దూరం కొట్టే క్లబ్‌ల జోలికి, లోపల బోలుగా ఉండే ఐరన్ల జోలికి సుత్తి పట్టుకుని అసలు వెళ్ళొద్దు.

తర్వాత నేను పట్టుకున్న దారి మా అమ్మ బిందెది. ఆమె పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి బిందె మెడ దగ్గర పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. మన ఇళ్ళలో పాత గిన్నెల మీద పేర్లు చాలావరకు అలా కొట్టించినవే కదా. వేలితో తడిమి చూస్తే ఒక్కో చుక్కా విడిగా తగులుతుంది. తెలుగు అక్షరాల గుండ్రాలకి చుక్కలే సరిగ్గా నప్పుతాయి. పైగా చుక్క గుంట పెట్టే కోసు మొన పంచ్ (సెంటర్ పంచ్) ఒక్కటుంటే చాలు. మా నాన్నగారి పేరులోని 'రా' అక్షరాన్ని పల్చటి కాగితం మీద పెన్సిల్‌తో రాసి, క్లబ్ వెనక జిగురుతో అంటించాను. మొదటి వరస తేలిగ్గా, చుక్కకీ చుక్కకీ మధ్య మిల్లీమీటరు ఎడంతో కొట్టాను. రెండో విడత గట్టిగా. ఆ చిన్న గుంటలో పంచ్ మొన దానంతటదే కూర్చుంటుంది, జారదు. అక్షరాల పంచ్‌తో దొరకని సౌకర్యం ఇదే.

బంతి తగిలే క్లబ్ ముఖానికి రెండు వరసలు మాస్కింగ్ టేప్ అంటించి, దాగలి మీదో దళసరి ఇనుప దిమ్మె మీదో బోర్లా పెట్టండి. చెక్క బల్ల మీద పెడితే దెబ్బ బలం సగం బల్లకే పోతుంది. షాఫ్ట్‌ని (క్లబ్ పొడవాటి కడ్డీని) ఇంకొకరు పట్టుకోవాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. అక్షరాల పంచ్‌తోనే కొట్టాలనుకుంటే 3 మిల్లీమీటర్లది తీసుకోండి, కిలో బరువు సుత్తితో ఒక్కటే దెబ్బ. ముందు ఏదైనా పాత ఇనుప ముక్క మీద చెయ్యి తిప్పుకోండి.

కొట్టిన గుంటల్లో నింపే రంగుకి గోళ్ళ రంగు చాలు. గుంటల్లో దుమ్ము, నూనె లేకుండా అసిటోన్‌తో (గోళ్ళ రంగు చెరిపే ద్రవం) తుడిచి, పంటిపుల్లతో రంగు నింపి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్నే గట్టి అట్టముక్కకి గుడ్డ బిగించి చుట్టి, రెండు చుక్కలు అసిటోన్ వేసి, పైపైన ఒక్కసారి లాగండి. మెత్తటి గుడ్డతో రుద్దితే అది గుంటలోకి దిగి ఉన్న రంగంతా లాగేస్తుంది. క్లబ్ తల, షాఫ్ట్ కలిసే చోట ఉండే నల్ల ప్లాస్టిక్ ఫెరూల్‌కి గానీ గ్రాఫైట్ షాఫ్ట్ రంగుకి గానీ అసిటోన్ తగలనివ్వకండి. నా ఫెరూల్ మీద ఒక చుక్క పడితే ప్లాస్టిక్ మెత్తబడి వేలిముద్ర దిగిపోయింది.

క్రోమ్ పూత ఉన్న క్లబ్‌కి చుక్కల అంచుల్లో పూత చిట్లుతుంది, వానాకాలంలో అక్కడే తుప్పు మొదలవుతుంది. ఆట అయ్యాక కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాస్తే సరి.

టోర్నమెంట్ సంగతి: క్లబ్ వెనక పేరుకి అభ్యంతరం ఉండదు. నిబంధనల పట్టింపంతా బంతి తగిలే ముఖం గురించి, గాడుల గురించి, క్లబ్ పనితీరు మార్చడం గురించి. అందుకే ముఖం మీద గీత కూడా వద్దు. పంచ్‌తో కొడితే లోహం పక్కకి జరుగుతుందే గాని తగ్గదు, కాబట్టి బరువు మారుతుందన్న బెంగ అక్కర్లేదు. డ్రిల్లింగ్, గ్రైండింగ్ మాత్రం వేరే సంగతి.

మీ వెడ్జ్ వెనక భాగం ఫోటో పెట్టండి, ఎక్కడ చోటుందో, చుక్కలు ఎక్కడ కూర్చుంటాయో చూసి చెప్తాను.