పాఠకుల ప్రశ్నలు: ఫ్రాన్స్ పల్లెలో శని, ఆదివారాలు

ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న పిల్లలు వేసవి సెలవురోజుల్లో అక్కడి పల్లెలకు వెళ్లడం గురించి ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్లు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అమ్మాయి బోర్డోలో ఎమ్మెస్ చేస్తోంది. తోటి విద్యార్థిని జూన్ చివరి వారంలో సార్లా అనే ఊరి దగ్గరున్న తాతగారింటికి రమ్మని పిలిచిందట. ఒక్కతే రైల్లో వెళ్తానంటోంది. ఏమేం చూసుకోమని చెప్పాలి?
— ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: ముందు తిరుగు రైలు చూసుకోమనండి, వెళ్లే రైలు సంగతి ఆ తర్వాత. పల్లె ప్రయాణం చెడితే సాధారణంగా ఆదివారం సాయంత్రమే చెడుతుంది. బోర్డో నుంచి లిబూర్న్, బెర్జెరాక్ మీదుగా సార్లాకి టీఈఆర్ అనే ప్రాంతీయ రైలు వెళ్తుంది. సుమారు మూడు గంటల దారి, ఆ లైనుకి సార్లాయే ఆఖరు. నడిచే రైళ్లే తక్కువ, ఆదివారం మరీ తక్కువ. గునుపూర్ పాసింజర్ తప్పిపోతే మనకి బస్సో జీపో దొరుకుతుంది. అక్కడ టాక్సీ కావాలన్నా ముందురోజే ఫోన్ చేసి చెప్పుకోవాలి. అందుకని ఆఖరి రైలుని నమ్ముకోకుండా దానికి ముందుదాన్ని ఎక్కేలా బయల్దేరాలి. వేసవిలో పట్టాల మరమ్మతులుంటే రైలు బదులు బస్సు వేస్తారు. అది ప్లాట్‌ఫాం మీదికి రాదు, స్టేషన్ బయట ఆగుతుంది. ముందురోజు రాత్రి అక్కడి రైల్వేవాళ్ల ఎస్‌ఎన్‌సీఎఫ్ కనెక్ట్ యాప్‌లో మరోసారి చూసుకుంటే ఇది తెలిసిపోతుంది.

టికెట్ ఎక్కకముందే కొనాలి, రైల్లో కొంటే ఎక్కువ పడుతుంది. 12 నుంచి 27 ఏళ్ల వాళ్లకి ఏడాదికి 49 యూరోలకి ఒక రాయితీ కార్డు ఉంది. దూరప్రయాణపు టీజీవీల్లో దానివల్ల 30 శాతం తగ్గుతుంది. టీఈఆర్‌లో మాత్రం రాయితీలు ఏ ప్రాంతానివి ఆ ప్రాంతానివే. ఈ ఒక్క ప్రయాణం కోసం ఆ కార్డు కొనక్కర్లేదు, టికెట్ తీసేటప్పుడు వయసు సరిగ్గా నమోదు చేస్తే చాలు.

పాస్‌పోర్టు, వీసా ఆన్‌లైన్‌లో ధ్రువీకరించిన కాగితం వెంట ఉండాలి. దేశంలో దిగిన మూడు నెలల్లోగా ఆ ధ్రువీకరణ చేసుకోవడం తప్పనిసరి. అత్యవసరమైతే 112.

ఇక మీ సంగతి. జూన్ ఆఖరున అక్కడ పొద్దుగూకేసరికి రాత్రి పది కావస్తుంది, భోజనాలూ ఆలస్యంగానే మొదలవుతాయి. వేసవిలో మన గడియారం వాళ్లకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ పదైతే మనకి ఒంటిగంటన్నర. వాళ్ల సాయంత్రం ఆరింటికి, అంటే మన తొమ్మిదిన్నరకి, ఒకసారి ఫోన్ చేయాలని ముందే అనుకోండి. భోజనం మధ్యలో ఫోన్ పట్టుకుని లేచిపోతే ఆ ఇంటివాళ్లకి బాగుండదు, ఫోన్ రాకపోతే మీకు నిద్ర పట్టదు.

ప్రశ్న: మాది శాకాహార కుటుంబం. గుడ్డు తింటాను. పల్లెకి పిలిచిన స్నేహితుడి ఇంట్లో ఏం తినొచ్చు? ఒకపూట మన వంట నేనే చేసి పెడదామనుకుంటున్నాను, ఏది బాగుంటుంది?
— ఒక విద్యార్థి, గునుపూర్

జవాబు: ‘శాకాహారిని’ అని ఊరుకుంటే సరిపోదు. చేప పెట్టొచ్చని కొందరు, సన్నటి పంది మాంసం ముక్కలు లెక్కలోకి రావని కొందరు అనుకుంటారు. మాంసం, చేప, వాటి రసం, కొవ్వు ఏవీ తినరని వారం ముందే మీ స్నేహితుడిచేత ఇంట్లో చెప్పించండి. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే పాపం వండినావిడ నొచ్చుకుంటారు.

సార్లా వైపు వెళ్తే ఒక వంటకం దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. వెల్లుల్లి, కొత్తిమీరలాంటి ఆకు చల్లి, అంచులు ఎర్రగా కాలిన బంగాళాదుంప చక్రాలు వస్తాయి. చూస్తే అచ్చం మన వేపుడే. వేయించేది మాత్రం బాతు కొవ్వులో. కూరగాయల సూప్‌లో కోడి రసం ఉండొచ్చు. చీజ్ చాలావరకు దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొట్టినదే, పట్టింపు ఉంటే అడగండి. రాతాతూయ్ అనే కూరగాయల కూర, పుట్టగొడుగుల ఆమ్లెట్, అక్రోట్లు వేసిన సలాడ్, చెర్రీలతో చేసే క్లాఫూతీ మీకు పనికొస్తాయి. సలాడ్ మీద బాతు ముక్కలు వెయ్యొద్దని మాత్రం చెప్పాలి.

మీరు వండడానికి నిమ్మకాయ పులిహోర మేలు. పల్లె దుకాణంలో చింతపండు దొరకదు, నిమ్మకాయలు, పసుపు, బాస్మతి బియ్యం దొరుకుతాయి. ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఎండబెట్టిన కరివేపాకు చిన్న పొట్లం కట్టుకెళ్లండి. ఆరుగురికి 400 గ్రాముల బియ్యం, మూడు పెద్ద నిమ్మకాయలు, అర చెంచా పసుపు, నాలుగు పెద్ద చెంచాల నూనె. ఎండుమిర్చి రెండు చాలు. అన్నం పలుకుగా వండి, వెడల్పు పళ్లెంలో ఆరబెట్టాలి. నిమ్మరసం పొయ్యి దించాకే కలపాలి, కాగితే చేదెక్కుతుంది.

అసలు చిక్కు పోపు దగ్గర. ఇండక్షన్ పొయ్యి మనం అనుకున్నదానికంటే తొందరగా వేడెక్కుతుంది, ఆవాలు చిటపటలాడేలోపే పప్పు మాడిపోతుంది. మధ్యస్థం కంటే తక్కువలో పెట్టి, పప్పులు ముందు, ఆవాలు తర్వాత, మిర్చి చివర వెయ్యండి. 2015 మార్చి నుంచి ఫ్రాన్స్‌లో ప్రతి ఇంట్లో పొగ అలారం ఉండాలి. మిర్చి ఘాటుకి అది మోగుతుంది, వంటింటి కిటికీ తీశాకే మూకుడు పెట్టండి.

ప్రశ్న: మా తమ్ముడు స్నేహితులతో సార్లా దగ్గరి దోర్దోన్ నదిలో పడవ వేసుకుంటానంటున్నాడు. నాగావళి ఒడ్డున పెరిగినా వాడికి ఈత రాదు. లైఫ్‌జాకెట్ ఉంటుంది కదా అంటాడు.
— ఒక అక్క, రాయగడ

జవాబు: వద్దని గట్టిగా చెప్పండి. 25 మీటర్లు ఈదగలనని, నీట మునిగినా తట్టుకోగలనని హామీ ఇస్తేనే కానో (తెడ్డుతో నడిపే చిన్న పడవ) అద్దెకి ఇవ్వాలన్నది అక్కడి నిబంధన. ఈత రాకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టడం తన ప్రాణంతోనూ, ఎదుట కూర్చున్నవాడి ప్రాణంతోనూ ఆడుకోవడమే.

ఈత వచ్చిన మిగతావాళ్లకి నది ఒడ్డునున్న విత్రాక్ ఊరి నుంచి బేనాక్ ఊరి దాకా సుమారు 16 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే నాలుగైదు గంటలు. దిగినచోటి నుంచి అద్దెకిచ్చినవాళ్లే వ్యానులో వెనక్కి తీసుకొస్తారు, ఆఖరి వ్యాను వేళ అడిగి రాసుకోవాలి. జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డానికి తగలకూడదు, తగిలితే వదులన్నమాట. హవాయి చెప్పులు నీళ్లలో కొట్టుకుపోతాయి, కట్టుకునే బూట్లు కావాలి. మనిషికి లీటరున్నర నీళ్లు, టోపీ, ఫోన్లకి వాళ్లిచ్చే మూతబిగించే పీపా. పడవ అడ్డం తిరిగి రాయికో కొమ్మకో ఆనితే అందరూ భయంతో అవతలికి ఒరుగుతారు, అప్పుడే నీళ్లు ఎక్కి బోల్తా పడుతుంది. ఒరగాల్సింది రాయి వైపుకే. నీళ్లలో పడితే నిలబడాలని చూడకూడదు, వెల్లకిలా తేలి కాళ్లు ప్రవాహం వెళ్లే వైపు పెట్టాలి.

మీ తమ్ముణ్ని లా రోక్ గజాక్ దగ్గర గబార్ ఎక్కమనండి. పాతకాలపు సరుకు పడవల తరహాది, గంటసేపు తిప్పి కోటల కిందుగా తీసుకెళ్తారు. లేదా అందరూ కలిసి మోంతిన్యాక్ ఊళ్లో, ఆదిమానవుల బొమ్మలున్న లాస్కో గుహ చూడొచ్చు. 1940లో బయటపడ్డ అసలు గుహను 1963లోనే మూసేశారు. ఇప్పుడు చూపించేది 2016 డిసెంబరులో తెరిచిన ప్రతిరూపం. వేసవిలో రద్దీ ఎక్కువ, వేళ ముందే బుక్ చేసుకోవాలి.

ప్రశ్న: పిల్లల్ని పల్లెకి పిలిచిన ఆ ఇంటివాళ్లకి ఇక్కడి నుంచి ఏం పంపొచ్చు? ఛెనాపోడ (విరిగిన పాలతో చేసే ఒడిశా మిఠాయి) పంపుదామనుకున్నాం.
— ఒక తండ్రి, జయపురం

జవాబు: ఛెనాపోడ వద్దు. మన దేశం నుంచి ఐరోపా సమాఖ్యలోకి వెళ్లే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లకూడదు. మీ జిల్లాలోనే కోట్‌పాడ్ నేత ఉంది. ఆల్ చెట్టు వేరుతో ఎరుపు అద్దే ఆ బట్టకి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక కండువా చాలు, బరువుండదు, పాడవదు.

ప్రశ్న: అక్కడి పచ్చికలో ఏవో పురుగులు కరుస్తాయట, నిజమేనా?
— ఒక పాఠకుడు, గునుపూర్

జవాబు: నిజమే, గోమారి లాంటివి. లైమ్ అనే జబ్బుని మోసుకొస్తాయి. గడ్డిలో నడిచేటప్పుడు పొడుగు ప్యాంటు వేసుకుని అంచులు మేజోళ్లలోకి దోపాలి. సాయంత్రం మోకాళ్ల వెనుక, చంకలు, గజ్జలు, మెడ, జుట్టు మొదళ్లు వెతకాలి. కనిపిస్తే నూనె, కిరసనాయిల్ పొయ్యకూడదు, గోళ్లతో నలపకూడదు. మందుల దుకాణంలో చిన్న కొక్కెం అమ్ముతారు. దాన్ని చర్మానికి ఆనించి పక్కనుంచి జొనిపి, మెల్లగా తిప్పుతూ పైకి తీసి, ఆ చోట యాంటిసెప్టిక్ మందు రాయాలి. కరిచిన తేదీ రాసిపెట్టుకుని నెలరోజులు గమనించాలి. ఎర్రటి మచ్చ రోజురోజుకీ వెడల్పవుతుంటే దురద లేకపోయినా, నొప్పి లేకపోయినా డాక్టరుకి చూపించాలి. తొలిదశలో మాత్రలతోనే నయమవుతుంది.