పీక్‌లో అల్టెమ్ కలిపితే 200 డిగ్రీల బుష్‌కు ఆగుతుందా?

అన్నా, మీరు అనంతపురం నుంచి అడిగింది 200 డిగ్రీల దగ్గర తిరిగే షాఫ్ట్‌కు బుష్‌ల (షాఫ్ట్ లోపల తిరిగే గొట్టం ముక్కల) గురించి. పీక్ (బాగా వేడికి ఆగే ఖరీదైన ప్లాస్టిక్) ధర భరించలేక 30 శాతం అల్టెమ్ (వేడికి ఆగే ఇంకో ప్లాస్టిక్) కలుపుదామా అని. బుష్‌కైతే వద్దు. కర్నూలులో నేను ఈ రెండు మెటీరియల్స్‌తోనూ మోల్డింగ్ చేస్తుంటాను.

రెండూ కలవవని కాదు. కరిగాక పాలూ నీళ్లలా కలిసిపోతాయి. పీక్ గ్లాస్ ట్రాన్సిషన్ (గట్టిదనం పోయి మెత్తబడటం మొదలయ్యే వేడి) 143 డిగ్రీలు, అల్టెమ్‌ది 217. 70:30లో కలిపితే లెక్క ప్రకారం 160 చిల్లరకు వస్తుంది. బ్యారెల్‌తోనూ (మెషీన్‌లో ప్లాస్టిక్ కరిగే గొట్టం) ఇబ్బంది లేదు, 360-400 మధ్య రెండూ నడుస్తాయి. చిక్కంతా చల్లారేటప్పుడే.

143 దాటాక పీక్‌ను నిలబెట్టేది 343 దాకా కరగని దాని స్ఫటికాలే. అల్టెమ్‌లో స్ఫటికాలు కట్టవు సరికదా, పక్కనున్న పీక్‌నూ తొందరగా కట్టనివ్వదు. ఉత్త పీక్‌లో స్ఫటికాలు కట్టాలన్నా డై (అచ్చు) 170 నుంచి 200 వేడిలో ఉండాలి. మన షెడ్లలో చాలా డైలకు నీళ్ల లైనే దిక్కు, దాంతో ఆ వేడి రాదు. ఆయిల్ హీటరో, కార్ట్రిడ్జ్ హీటర్లో పెట్టాలి. చల్లటి డైలో కొట్టిన పీక్ ముక్క అంచులు గోధుమరంగుకు తిరిగి దొరికిపోతుంది. అల్టెమ్ కలిపినదానికి ముందే తేనెరంగు ఉంటుంది కాబట్టి కంటితో పట్టుకోలేం, డీఎస్‌సీ టెస్ట్‌కు (ముక్కను వేడి చేస్తూ ఎంత స్ఫటికం కట్టిందో కొలిచేది) పంపాల్సిందే.

తర్వాత ఓవెన్‌లో ఎనీల్ చేసి (మళ్లీ వేడిలో ఉంచి నెమ్మదిగా చల్లార్చి) సరిచేద్దామంటే చేయొచ్చు. కానీ అప్పుడు కట్టే స్ఫటికాలతో ముక్క కుంచించుకుపోతుంది, బోర్ సైజు తప్పుతుంది. ఎనీల్ అయ్యాకే ఫైనల్ బోరింగ్ పెట్టుకోండి.

ఇంకొకటి, రాపిడికి అల్టెమ్ అంత మంచిది కాదు. మీకు కావాల్సింది బేరింగ్ గ్రేడ్ పీక్: కార్బన్ ఫైబర్, గ్రాఫైట్, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) తలా 10 శాతం ఉండేది. కిలో ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, నిజమే. అలాంటప్పుడు బుష్ గోడ మందం తగ్గించే దారి చూడండి, మెటీరియల్‌లో కల్తీ కాదు. రాపిడి లేని కనెక్టర్లు, ఇన్సులేటర్ల లాంటివాటికి మాత్రం ఈ బ్లెండ్ ఆలోచించొచ్చు, దగ్గర్లో మెథిలీన్ క్లోరైడ్ లాంటి సాల్వెంట్ లేకపోతే. అల్టెమ్‌ను అది కరిగించేస్తుంది.

మన ఎండలకు గ్రాన్యూల్స్‌లో తేమ ఎక్కడిదని కొందరు డ్రయ్యింగ్ ఎగ్గొడతారు. ముక్క మీద వెండి చారలు వచ్చేది అందుకే. పీక్‌కు 150 డిగ్రీల్లో కనీసం 3 గంటలు, అల్టెమ్ ఉంటే 4 నుంచి 6.

అంతకుముందు డెల్రిన్ (ఎసిటాల్ ప్లాస్టిక్) నడిచిన బ్యారెల్ అయితే పూర్తిగా పర్జ్ చేయకుండా (పాత ప్లాస్టిక్ అంతా బయటికి తోసేయకుండా) వేడి పెంచకండి. అడుగున మిగిలిన డెల్రిన్ 380 దగ్గర ఫార్మాల్డిహైడ్ గ్యాస్ అయిపోతుంది, నాజిల్ ముందు ఎవరినీ నిలబడనివ్వకండి.