రాయకుండా లేస్తే తప్పు చేసినట్టు ఉంటోంది

ప్రశ్న: నమస్తే అండీ, మాది అమలాపురం పక్కన పల్లెటూరు. పగలు ఉద్యోగం, రాత్రి పదింటికి కథలు రాయడానికి కూర్చుంటే ఒంటిగంట దాటిపోతోంది. ఆదివారం పిల్లలు షటిల్ ఆడదాం రమ్మన్నా లేవబుద్ధి కాదు, లేస్తే తప్పు చేసినట్టు ఉంటోందండీ. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు నిద్ర సంగతి చూడండమ్మా. పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 7 గంటలు కావాలంటారు డాక్టర్లు, పగలు చూసినవీ విన్నవీ మెదడులో కుదురుకునేది కూడా నిద్రలోనే, అంటే మీ కథలకి కావాల్సిన సరుకు అక్కడే తయారవుతోంది, దాన్నే మీరు కోసేస్తున్నారు. ఎండాకాలం ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవలు కట్టేసి పూడిక తీస్తారు కదా, మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు చివరి చేనుదాకా పారాలనే కదండీ! ఆటా విశ్రాంతీ కూడా అంతే, రాతలో భాగమే అనుకోండి, నేనైతే గట్టిగా నమ్ముతాను.

రాత్రి మానేసి పొద్దున్న ఐదింటికి ఓ ముప్పావుగంట రాసి చూడండి. తర్వాతి వాక్యం ఏంటో తెలిసినప్పుడే ఆపెయ్యండి, మర్నాడు తడుముకోకుండా మొదలెట్టొచ్చు. ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో రాస్తుంటే 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్న కొబ్బరిచెట్టునో దేన్నో 20 సెకన్లు చూడండి, కళ్ళకి మంచిది.

ఆదివారం సాయంత్రం పిల్లలదే, ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళండి. పత్రికకి పంపాల్సిన గడువు దగ్గరపడితే ఆ వారం టీవీ టైమ్ తగ్గించుకోండి, నిద్ర జోలికి మాత్రం వెళ్ళకండి.