కొత్త సెక్రటరీకి పాత సెక్రటరీ రాసిన ఉత్తరం

అమ్మాయీ,

ఆశీస్సులు. మొన్న ఫోన్లో "బాబాయ్, మన ఫార్మసిస్టుల అసోసియేషన్‌కి నన్ను సెక్రటరీని చేసేశారు, ఏడాదికి ప్రోగ్రాములు ఏం పెట్టాలో నాలుగు ముక్కలు చెప్పండి" అన్నావు. నాలుగు ముక్కలతో ఆగే మనిషిని కాదని మీ నాన్నని అడుగు, చెబుతాడు. డిప్లొమాలో రెండేళ్లూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. మందుల షాపు మావాడికి అప్పజెప్పాక నాకు తీరికే తీరిక. అందుకే ఉత్తరం.

ముందు నా పరువు పోయిన కథ విను. సెక్రటరీ అయిన కొత్తలో ఫార్మసీ వీక్ కోసమని కల్యాణమండపం మాట్లాడాను. మూడొందల కుర్చీలు వేయించాను. గేటు దగ్గర ఫ్లెక్సీ, అందులో అందరికంటే పెద్ద బొమ్మ నాదే. ఆరింటికి రావలసిన ముఖ్య అతిథి ఎనిమిదింటికి వచ్చారు. అప్పటికి కుర్చీల్లో ఉన్నది నలభై ఒక్కమంది, వాళ్లలో ఆరుగురు వంటవాళ్లు. శాలువాలు కప్పడానికే ముప్పావుగంట పట్టింది. యాంటీబయాటిక్స్ గురించి మాట్లాడతానని ఒక డాక్టరుగారు పాపం నోట్సు రాసుకొచ్చారు. టైము లేదని ఆయన చేత రెండు మాటలు చెప్పించి దండ వేసేశాం. మర్నాడు మిగిలిపోయిన సాంబారు ఎవరికి పంపాలా అని తల పట్టుకుని కూర్చుంటే మన మెంబరు ఒకాయన వచ్చి, "నిన్న మీటింగు దేని గురించండీ?" అన్నాడు. ఆయన కూర్చున్నది మొదటి వరసలోనే.

అప్పట్నుంచీ నేను కుర్చీలు లెక్కపెట్టడం మానేశాను. మీటింగుకి వచ్చినవాడు మర్నాడు షాపు తీశాక కౌంటరు దగ్గర ఒక్క పనైనా కొత్తగా చేశాడా అన్నదే చూసేవాణ్ణి. నువ్వు ఏది తలపెట్టినా ముందు ఆ ప్రశ్న వేసుకో.

ఇక టైము సంగతి. మనవాళ్లు పొద్దున్న తొమ్మిదికి నిలబడితే రాత్రి పదికి కూర్చుంటారు. అలాంటి మనిషిని సాయంత్రం ఆరింటికి రమ్మంటే ఎలా వస్తాడు? పైగా చట్టం ఒకటుంది కదా. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు ఫార్మసిస్టు చేతి మీదుగా వెళ్లాలి, లేదా ఆయన దగ్గరుండి చూస్తుండగా ఇవ్వాలి. ఆయన్ని మనం మీటింగుకి లాక్కొస్తే షాపయినా మూయాలి, లేకపోతే కుర్రాడు ఒక్కడే మందులిస్తాడు. అసోసియేషనే మెంబరు చేత తప్పు చేయించినట్టవుతుంది. ఈ ఆలోచన నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. తర్వాత ఏం చేశానంటే, ఒకే విషయాన్ని రెండుసార్లు పెట్టేవాణ్ణి. షాపులవాళ్లకి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, ఎలాగూ ఆ పూట చాలామంది మూస్తారు. ఆసుపత్రుల్లో చేసేవాళ్లకి వారం మధ్యలో, షిఫ్టు మారే వేళకి. గంటంబావు దాటనిచ్చేవాణ్ణి కాదు. నెల మొదటివారం వద్దు, పెన్షన్లు పడగానే బీపీ, షుగరు మందుల కోసం జనం వరస కడతారు. జీఎస్టీ రిటర్నుల తేదీలు చూసుకో. ఆగస్టు, సెప్టెంబరుల్లో విష జ్వరాలు ముమ్మరంగా ఉన్న వారాల్లో నువ్వు బిర్యానీ పెట్టినా ఎవరూ రారు.

విషయం ఏం పెట్టాలన్నావు. చేత్తో చేసేది పెట్టు. ఒక ఆదివారం నేను ఖాళీ ఇన్‌హేలర్లు ఒక డబ్బాడు పోగుచేసి, వచ్చిన ఇరవైముగ్గురి చేతుల్లోనూ తలా ఒకటి పెట్టాను. "మీ దగ్గరకొచ్చే పేషెంటుకి ఎలా చూపిస్తారో అలా చేసి చూపించండి" అన్నాను. ఛాతీ డాక్టరుగారు ఒక పక్కన నిలబడి చూస్తున్నారు. మూత తీయాలి, బాగా కుదపాలి, ఊపిరి పూర్తిగా వదలాలి, మూతి బిగించి నెమ్మదిగా పీలుస్తూ అప్పుడు నొక్కాలి, పది సెకన్లు బిగబట్టాలి. ఇంతే. ఒకాయన కుదపలేదు. ఒకాయన ముందు నొక్కేసి తర్వాత పీల్చాడు. చాలామంది ఊపిరి వదలడమే మర్చిపోయారు. నా సంగతి అడక్కు, నేను బిగబట్టింది మూడు సెకన్లే. అన్నీ సరిగ్గా చేసినవాళ్లు ముగ్గురు. స్టెరాయిడ్ ఇన్‌హేలరైతే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మమని చెప్పాలన్నది వాళ్లలోనూ ఒక్కడికే గుర్తుంది.

అప్పుడు వెనకనుంచి ఒకావిడ మెల్లిగా లేచి, తన షాపుకొచ్చే ముసలమ్మ ఒకామె పొడి పీల్చే క్యాప్స్యూళ్లని నెలరోజులపాటు నీళ్లతో మింగిందని చెప్పింది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఇచ్చింది నేనేనండీ. మిషన్లో పెట్టి పీల్చాలని నేను చెప్పలేదు" అంది. ఆ తర్వాత హాల్లో ఎవరూ నవ్వలేదు. మర్నాడు ఆ వీధిలో నాలుగు షాపుల్లో ఇన్‌హేలర్ అట్టపెట్టె విప్పి చూపించి మరీ ఇవ్వడం నా కళ్లతో చూశాను. ఏ శాలువా చెయ్యలేని పని అది.

ఆవిడ మాట విన్నాకే నాకు ఇంకో ప్రోగ్రాము తట్టింది. దానికి 'చెప్పుకునే పూట' అని పేరు పెట్టుకున్నాం. ఏడాదికి రెండుసార్లు, పన్నెండు మందికి మించకుండా. ఫోన్లన్నీ ఒక బుట్టలో పడేయాలి. మినిట్స్ రాయకూడదు. పేషెంటు పేరు, డాక్టరు పేరు, షాపు పేరు రాకూడదు. ఎవరైనా చెబుతుంటే పూర్తయ్యేదాకా మధ్యలో సలహా ఇవ్వకూడదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఓనర్నీ ఆయన దగ్గర జీతానికి చేసే ఫార్మసిస్టునీ ఒకే పూట పిలవకు. పిలిస్తే ఆ రెండోవాడు నోరు విప్పడు.

మొదటిసారి ఎవరూ మాట్లాడరని నాకు తెలుసు. అందుకే నాదే చెప్పాను. ఒకావిడకి కీళ్లవాతం. చీటీలో మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారి అని స్పష్టంగానే ఉంది. షాపు నిండా జనం. నేను స్ట్రిప్పు ఇచ్చి కవరు మీద 'రాత్రి భోజనం తర్వాత' అని రాశాను. అంతే రాశాను. ఆవిడ రోజూ వేసుకుంది. తొమ్మిదో రోజు నోరంతా పుండ్లతో, మాట రాక, ఆ కవరు పట్టుకుని మా కౌంటరు ముందుకొచ్చింది. నా చేతిరాత నాకే చూపించింది. పెద్దాసుపత్రికి పంపించాం, బతికింది. ఇది చెప్పడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. నేను ముగించాక కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత నలుగురు చెప్పారు, ఒకరి వెంట ఒకరు. ఆ మందు ఇచ్చేటప్పుడు కవరు మీద వారం పేరు రాయడం, 'సోమవారం మాత్రమే' అని పెద్ద అక్షరాలతో రాసి రోగి చేత చదివించడం మన ఊళ్లో అలవాటైంది ఆ రాత్రి నుంచే.

డ్రగ్ ఇన్‌స్పెక్టరుగారిని పిలవమని అడుగుతారు. పిలువు. కానీ ఆయన ముందు లేచి ప్రశ్న అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. అడిగితే తప్పు ఒప్పుకున్నట్టే అని భయం. అందుకని గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టి పేరు లేకుండా చీటీలు వేయించు. మేం పెట్టినప్పుడు సగం పైన చీటీలు హెచ్-వన్ రిజిస్టరు గురించే వచ్చాయి, అదే, కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందుల్లాంటివి అమ్మినప్పుడు విడిగా రాయాల్సిన పుస్తకం. అది 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. డాక్టరు పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు, ఎంత ఇచ్చామో రాసి మూడేళ్లు దాచాలి. ఇంత చిన్న విషయం మీద అంత టెన్షన్ ఉందని ఆయనకీ ఆ రోజే తెలిసింది.

తేదీలకి మనకి కొదవలేదు. మార్చి 6 ష్రాఫ్‌గారి పుట్టినరోజు. 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువుకి శ్రీకారం చుట్టిన మహాదేవ లాల్ ష్రాఫ్‌గారే. సెప్టెంబరు 17 నుంచి 23 దాకా ఫార్మకోవిజిలెన్స్ వారం, అంటే మందుల వల్ల జరిగే చెడు కనిపెట్టి తెలియజేయడం గురించి. 25 ప్రపంచ ఫార్మసిస్టుల దినం, 1912లో ఆ తేదీనే అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐపీ పుట్టింది. నవంబరు 14 డయాబెటిస్ దినం, మూడో వారం మన ఫార్మసీ వీక్, 18 నుంచి మందులకి లొంగని క్రిముల మీద ఇంకో వారం. అన్నిటికీ ఫ్లెక్సీలు కట్టించావంటే నీ ఉద్యోగం పోతుంది. నాలుగు ఎంచుకో. ఫార్మకోవిజిలెన్స్ వారంలో ఉపన్యాసం పెట్టకు, పెన్నులిచ్చి ఫారం నింపించు. రోగి పేరు పొడి అక్షరాలు, వయసు, ఏం జరిగింది, ఎప్పుడు మొదలైంది, ఏ మందు మీద అనుమానం, చెబుతున్నది ఎవరు, ఇవి ఉంటే చాలు పంపించవచ్చు. చాలామంది అది డాక్టర్ల పని అనుకుంటారు. మనమూ పంపవచ్చు. అలాంటివి తెలియజేయడానికి ఉన్న 1800-180-3024 అన్న టోల్‌ఫ్రీ నంబరు అందరి ఫోన్లలోనూ అక్కడికక్కడే ఎక్కించు.

జనవరి 12 మాత్రం వదలకు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో పుట్టింది మన భీమవరంలోనే. మా చిన్నప్పుడు ఏ వీధిలో చూసినా బోదకాలుతో ఒకరో ఇద్దరో కనిపించేవారు. ఆ జబ్బుకి ఇప్పటికీ సర్కారువాళ్లు ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర ఆయన అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో నడిపిన బృందం నుంచి వచ్చిందే. ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారుచేసిందీ, నా చేతిలో పొరపాటైన ఆ మెథోట్రెక్సేట్ పుట్టిందీ అక్కడే. ఇవి చెబితే మనవాళ్ల వీపులు నిటారుగా అవుతాయి, చూస్తావుగా. అయితే సరిగ్గా పన్నెండో తారీఖున పెట్టకు. భోగి ముందు మన జిల్లాలో కోడిపుంజుల కబుర్లు తప్ప ఎవరి చెవికీ ఏదీ ఎక్కదు. మొదటి ఆదివారమే కానిచ్చెయ్.

నీకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి, ఏమీ అనుకోకు తల్లీ. నువ్వు ఫార్మ్-డి, అంటే ఫార్మసీలో డాక్టర్ డిగ్రీ, చదివావు. ఆ కోర్సు మన దేశంలో మొదలైందే 2008లో. మన మెంబర్లలో ఎక్కువమంది అంతకుముందే డిప్లొమాతో షాపులు పెట్టుకున్నవాళ్లు. ఇంగ్లీషు స్లైడ్లు వేసి గబగబా చదివావంటే, "ఈ పిల్ల మనకి పాఠం చెప్పడానికొచ్చింది" అనుకుని రెండోసారి రారు. తెలుగులో చెప్పు. చెప్పే ముందు వాళ్లని అడుగు. ఏ పేషెంటు ఏ మాటకి వింటాడో నీకంటే వాళ్లకే బాగా తెలుసు.

డబ్బు దగ్గర జాగ్రత్త. కంపెనీల వాళ్లు భోజనాలు పెడతామని వాళ్లంతట వాళ్లే వస్తారు. ఒకసారి ఒప్పుకున్నాను. దగ్గు గురించి అన్న ఉపన్యాసం అరగంటలో ఒక సిరప్పు గురించి అయిపోయింది, నెల తిరక్కుండానే ఆ సిరప్పు ఎంత అమ్మారని మెంబర్లకి ఫోన్లు. డెమో ఇన్‌హేలర్లు, ఖాళీ ఇన్సులిన్ పెన్నులు ఇస్తే తీసుకో. భోజనం మన చందాతోనే, ఉప్మా అయినా సరే. లెక్క ప్రతి మీటింగు చివరా పైకి చదువు, రూపాయలతో సహా.

ఇక సరదా సంగతి. కార్తీక వనభోజనాలు మాత్రం మానకు. ఎండాకాలం పిక్నిక్కులూ రిసార్టులూ రెండుసార్లు ప్రయత్నించాం, కుదరలేదు. ఉసిరి చెట్టు ఉన్న తోట ఒకటి, పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పులిహోర. ఇంట్లోవాళ్లని తప్పకుండా రమ్మను, మన భర్తలూ భార్యలూ షాపులో కూర్చుని బిల్లులు కొట్టబట్టే కదా మనం తిరగగలిగేది. కౌంటరు కుర్రాళ్లనీ పిలువు, వాళ్ల దగ్గర చందా తీసుకోకు. ఆ రోజు మైకు పెట్టకు. మైకు పెడితే ప్రెసిడెంటుగారు మాట్లాడతారు. పిల్లలకి ఆటలు, ఆడవాళ్లకి, మగవాళ్లకి కలిపి ఒక తంబోలా, అంతే. నిజానికి అసలు మీటింగు అక్కడే జరుగుతుంది. ఎవరి షాపు అమ్మకానికి ఉంది, ఏ స్టాకిస్టు ఎక్స్‌పైరీ స్టాకు వెనక్కి తీసుకోవడం లేదు, ఎవరి అమ్మాయికి ఫార్మసీలో సీటొచ్చింది, అన్నీ విస్తళ్ల దగ్గరే తేలతాయి. నువ్వు నోట్‌బుక్కు తీయకుండా చెవులు మాత్రం తెరిచి ఉంచు. వచ్చే ఏడాదికి ఏం పెట్టాలో నీకే తెలుస్తుంది.

ఆ ఇన్‌హేలర్ల డబ్బా మా అటక మీదే ఉంది. సగం పాడైపోయి ఉంటాయి, ఉన్నవాటిని మావాడి చేత దింపించి తుడిపించాను. ఆదివారం మీ నాన్నని తీసుకుని రా, డబ్బా పట్టుకెళ్లు. కార్తీకానికి తోట సంగతి కూడా అడిగి పెట్టాను, వాళ్లు మామిడి చెట్లున్నాయంటున్నారు గానీ ఉసిరి ఉందో లేదో వెళ్లి చూడాలి.

మీ బాబాయి